రెయిన్‌బోస్ సన్‌సెట్‌లో ఆవిడ ఎందుకు వెళ్లిపోలేదు? మనీలా నుంచి ఒక సమాధానం

మీరు అడిగినవి మూడు. రెయిన్‌బోస్ సన్‌సెట్ అనే ఫిలిప్పీన్స్ సినిమాలో భర్త ఇంకో మగాణ్ని ప్రేమిస్తున్న సంగతి ఏళ్ల తరబడి తెలిసి కూడా ఆ భార్య ఎందుకు వదిలేసి వెళ్లిపోలేదు, ఎనభై దాటిన తండ్రి మీద ఆ ముగ్గురు పిల్లలకీ అంత కోపమేంటి, ఇలాంటివి ఫిలిప్పీన్స్‌లో నిజంగా జరుగుతాయా లేక సినిమా కోసం అల్లిందా. చివర్లో ఇంకో చిన్న మాట కూడా రాశారు, అమ్మతో కలిసి చూడొచ్చా అని. దానికి ఆఖర్న వస్తాను, నాకు అన్నిటికన్నా అదే పెద్ద ప్రశ్న అనిపించింది.

ముందు నేనెవరో చెప్పాలి కదా. నాది తెనాలి దగ్గర పల్లెటూరు. 2007లో మనీలా పక్కనున్న మకాటిలో అకౌంట్స్ ఉద్యోగానికి రెండేళ్ల కాంట్రాక్టు మీద వచ్చి ఇక్కడే ఉండిపోయాను. నేను గే. నా పార్ట్‌నర్ ఇక్కడివాడే, స్కూల్లో లెక్కలు చెప్తాడు. మేమిద్దరం క్వెజాన్ సిటీలో ఉంటాం, వాళ్ల కుటుంబమంతా పక్కనే మరికీనాలో. కాబట్టి ఇవి వాళ్ల వంటింట్లో కూర్చుని, వాళ్ల చావులకీ పెళ్లిళ్లకీ వెళ్లి తెలుసుకున్న సంగతులు.

సినిమా చూడని వాళ్ల కోసం కథ రెండు ముక్కల్లో. ఎనభై నాలుగేళ్ల రిటైర్డ్ సెనేటర్. భార్య ఉంది, పెద్దవాళ్లైపోయిన పిల్లలున్నారు, పేరుంది. చావుబతుకుల్లో ఉన్న పాత స్నేహితుణ్ని దగ్గరుండి చూసుకోవాలని ఒకరోజు ఇల్లు వదిలి వెళ్లిపోతాడు. ఆ స్నేహితుడు తను జీవితమంతా ప్రేమించిన మనిషని అప్పుడు పిల్లలకి చెప్తాడు. జోయెల్ లమాంగన్ తీశారు. 2018 డిసెంబర్ 25న మెట్రో మనీలా ఫిల్మ్ ఫెస్టివల్‌లో వచ్చింది, ఆ ఏడాది ఉత్తమ చిత్రం బహుమతి దానికే. ఈ ఫెస్టివల్ 1975 నుంచీ ఉంది. క్రిస్మస్ రోజు మొదలై కొత్త సంవత్సరం దాటేదాకా ఇక్కడి థియేటర్లలో స్థానిక సినిమాలదే రాజ్యం, మనకి సంక్రాంతి సినిమాల్లాగా. పండక్కి పెద్దవాళ్లు చేతిలో పెట్టిన డబ్బులతో పిల్లలు, వాళ్ల వెనక అమ్మమ్మా తాతయ్యా, ఇంటిల్లిపాదీ వెళ్తారు. ఆ జనం ముందు, ఆ రోజుల్లో, ఇద్దరు ముసలాళ్ల ప్రేమకథ పెట్టారన్నది మీరు మర్చిపోకండి.

ఇక భాష సంగతి. మీరు ఇంగ్లిష్ సబ్‌టైటిల్స్‌తో చూశారు కాబట్టి చాలా సంగతులు అక్కడే పోయాయి. సినిమా భాష తగలోగ్, అందులో అతను, ఆమె అని రెండు మాటలుండవు. ఎవరికైనా 'సియా' ఒక్కటే. మొగుడైనా పెళ్లామైనా 'అసావా'. అన్నా చెల్లీ తమ్ముడూ అక్కా ఎవరైనా 'కపతిడ్'. అంటే ఒక మనిషి ముప్పై ఏళ్లపాటు తన ప్రేమ గురించి ఇంట్లో మాట్లాడొచ్చు, ఒక్క అబద్ధం కూడా ఆడకుండా, అవతల ఉన్నది మగో ఆడో చెప్పకుండా. 'సియాకి ఒంట్లో బాగాలేదు, చూసి వస్తాను' అంటే చాలు. సబ్‌టైటిల్ రాసేవాళ్లు మాత్రం అతనా ఆమా తేల్చుకోక తప్పదు, తేల్చిన క్షణమే గుట్టు విప్పేసినట్టు. తెలుగులో మనకి ఆ వెసులుబాటు లేదు, క్రియ చివరే పట్టించేస్తుంది, వచ్చాడు అనో వచ్చింది అనో. ఒక్క గౌరవం ఇచ్చేటప్పుడు తప్ప. 'వచ్చారు'. నేను ఇంటికి ఫోన్ చేసినప్పుడల్లా ఏళ్ల తరబడి ఆ ఒక్క 'రు' వెనకాల దాక్కున్నాను. రూమ్‌లో ఎవరుంటార్రా అంటే ఫ్రెండుంటారు అనేవాణ్ని. ఏం చేస్తారు అంటే టీచరుగా చేస్తారు అనేవాణ్ని. అమ్మ ఇంకేమీ అడిగేది కాదు.

'పో' అని ఇంకొకటుంది. మన 'అండి' లాంటిది, పెద్దవాళ్లతో మాట్లాడితే ప్రతి వాక్యంలోనూ పడుతుంది, అవును అనాలన్నా 'ఓపో' అనాలి. తండ్రితో గొడవపడుతూ కూడా 'పో' పెడతారు. పెట్టడం మానేశారంటే అక్కడ ఏదో తెగిందని అర్థం. ఈసారి చూసినప్పుడు పిల్లల మాటల్లో అది ఎప్పుడు వినపడుతోందో ఎప్పుడు వినపడట్లేదో గమనించండి. సబ్‌టైటిల్స్‌లో ఎలాగూ కనపడదు.

ఇప్పుడు అసలు ప్రశ్న. మీరు దాన్ని రహస్యం అన్నారు, భార్య ఆ రహస్యాన్ని ఎలా దాచిందీ అని రాశారు. ఇక్కడ నేను చూసినంతలో, ఇలాంటి ఇళ్లలో దాచడం అనేదేమీ ఉండదు. అందరికీ తెలుసు. ఎవరి ముందు ఎవరు నోరు విప్పి ఆ మాట అనొచ్చు అన్నదాని దగ్గరే ఉంటుంది కట్టుబాటంతా. భార్యకి తెలుసు, భార్యకి తెలుసన్న సంగతి భర్తకి తెలుసు, వంట చేసే మనిషికి తెలుసు, చర్చిలో పక్క బెంచీ వాళ్లకి తెలుసు. మాట మాత్రం బయటికి రాదు. వచ్చిందంటే అందరూ ఏదో ఒకటి చెయ్యాల్సొస్తుంది కదా, ఎవరికీ అది ఇష్టం ఉండదు.

మా పార్ట్‌నర్ తాతగారు 2014లో పోయారు. తాతని 'లోలో' అంటారు, అమ్మమ్మనైనా నాయనమ్మనైనా 'లోలా' అంటారు. ఇక్కడ మనిషి పోతే వెంటనే పూడ్చరు. 'లామాయ్' అని రాత్రుళ్లు జాగారం చేస్తారు, మూడు రాత్రులు, ఐదు, ఏడు, దుబాయ్ నుంచో అమెరికా నుంచో పిల్లలు దిగేదాకా. అద్దం మూతున్న పేటికలో మనిషిని పడుకోబెట్టి, చుట్టూ ప్లాస్టిక్ కుర్చీలు వేసి, వచ్చినవాళ్లకి కాఫీ, బిస్కెట్లు, వేరుశనగపప్పు పెడతారు, ఒక మూల పేకాట కూడా నడుస్తుంది. ఆ ఇంట్లో ఒక ముసలాయన ఉండేవారు, అందరూ ఆయన్ని 'నీనోంగ్' అనేవాళ్లు. అంటే బాప్టిజం నాడు బిడ్డకి పెద్దదిక్కుగా నిలబడిన మనిషి. ఆ ఇంటి పెద్ద కూతురికి ఆయన నీనోంగ్. అలా నిలబడితే బిడ్డ తండ్రికి ఆయన 'కుంపారే' అయిపోతాడు, మనలో వియ్యంకుల్లాగా అదొక వరస, చర్చి సాక్షిగా కుదిరిన వరస. ఇంటికి రావడానికీ పోవడానికీ, పండక్కి పక్కన కూర్చోవడానికీ ఇంక ఎవరూ ఎందుకని అడగరు. మరికీనా బూట్ల తయారీకి పేరుపడ్డ ఊరు. నీనోంగ్ బూట్లు కుట్టేవారు. లోలో తన జీవితంలో బజార్లో బూట్లు కొన్నది లేదని వాళ్లింట్లో అందరూ నవ్వుతూ చెప్పుకునేవాళ్లు.

జాగారం మొదటి రెండు రాత్రులూ నీనోంగ్ కాఫీ ఫ్లాస్కు పక్కన, మూడో వరసలో కూర్చున్నారు. వచ్చినవాళ్లకి కప్పులు అందించారు. నేనూ ఆ వరసలోనే కూర్చున్నాను, నా స్థానమూ అదే కాబట్టి. పేటిక మూత లోపలివైపు తెల్ల శాటిన్ గుడ్డ మీద రిబ్బన్ ముక్కలు గుచ్చి ఉంటాయి, వాటి మీద భార్య పేరు, పిల్లల పేర్లు, కోడళ్లు, అల్లుళ్లు, మనవలు. ఎవరు ఈ మనిషికి ఏమవుతారో అక్కడ చూస్తే తెలిసిపోతుంది. మూడో రాత్రి లోలా లోపల్నుంచి వచ్చింది, చేతిలో ఒక రిబ్బన్ ముక్క. దాని మీద నీనోంగ్ ముద్దుపేరు రాయించింది. వరస ఏమీ రాయలేదు, పేరొక్కటే. తన పేరు కిందా పిల్లల పేర్ల పైనా ఖాళీ చూసుకుని గుచ్చింది. చేతులు వణుకుతున్నాయి, గుండుసూది రెండుసార్లు జారింది. తర్వాత వెళ్లి ఆయన్ని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి ముందు వరసలో తన పక్క కుర్చీలో కూర్చోబెట్టింది. పెద్ద కూతురు లేచి వంటింట్లోకి వెళ్లిపోయి గంటసేపు బయటికి రాలేదు. మిగిలినవాళ్లు ప్రార్థన మొదలుపెట్టారు. మర్నాడు పొద్దున్న అందరూ కాఫీ తాగారు. ఆ ఇంట్లో ఆ రిబ్బన్ గురించి ఇంతవరకు ఎవరూ ఒక్క మాట మాట్లాడగా నేను వినలేదు.

నా పార్ట్‌నర్ కూడా నాతో ఏమీ అనలేదు. ఐదేళ్ల తర్వాత, 2019 జనవరిలో, ఈ సినిమా చూసి జీప్నీలో, అంటే ఇక్కడి షేర్ బండిలో, ఇంటికొస్తున్నాం. జనం, రొద. కిటికీలోంచి బయటికి చూస్తూ అన్నాడు, 'లోలాకి పెళ్లికి ముందే తెలుసట. లోలోనే చెప్పాడట.' అంతే అన్నాడు.

ఆవిడ ఎందుకు వెళ్లిపోలేదు అన్న మీ ప్రశ్నకి నా జవాబు ఆ మాటలోంచే మొదలవుతుంది. ప్రపంచంలో వాటికన్ పక్కన పెడితే, విడాకుల చట్టం లేని దేశం ఇదొక్కటే. ముస్లింలకి మాత్రం 1977లో వచ్చిన ప్రత్యేక చట్టం కింద ఉంది. ఎప్పుడూ లేదనుకోకండి, అమెరికన్ల పాలనలో 1917లో పరిమితంగా ఇచ్చారు, జపాన్ వాళ్లు ఆక్రమించిన రోజుల్లో కారణాలు పెంచారు, 1950లో కొత్త సివిల్ కోడ్ వచ్చి మొత్తం తీసేసింది. ఆ సెనేటర్ వయసు లెక్కేయండి. 2018లో 84 అంటే వాళ్ల పెళ్లి 1950లలోనో 60లలోనో జరిగుండాలి. అంటే సరిగ్గా ఆ తలుపు మూసేసిన తర్వాత. అప్పటి చట్టంలో వేరుగా బతకడానికి కోర్టు అనుమతి దొరకాలన్నా రెండే కారణాలు, ఒకటి అక్రమ సంబంధం, రెండోది ప్రాణం తియ్యబోవడం. ఆ అక్రమ సంబంధం కూడా, భర్త విషయంలో, నేర చట్టం రాసుకున్న ప్రకారం పరాయి స్త్రీతోనే ఉండాలి. అవతలి మనిషి మగాడైతే చట్టానికి కంటికి ఆనడు. అసలా సంబంధం లేనట్టే.

తర్వాత 1987లో ఫ్యామిలీ కోడ్ రాశారు, 1988 ఆగస్టులో అమల్లోకి వచ్చింది. ఇందులో మొదటిసారి ఈ సంగతి పేరు పెట్టి రాశారు. పెళ్లినాటికే స్వలింగ సంపర్కం ఉండి దాన్ని దాచిపెట్టి పెళ్లి చేసుకుంటే అది మోసం, ఆ పెళ్లిని రద్దు చేయించుకోవచ్చు. చదవగానే బాగుందే అనిపిస్తుంది. కింద షరతులు చూడండి. మోసం బయటపడిన ఐదేళ్లలోపు కోర్టుకెళ్లాలి. సంగతి తెలిశాక కూడా ఇష్టపడి కాపురం చేస్తే ఆ హక్కు పోతుంది. అన్నిటికన్నా ముఖ్యం, పెళ్లి రద్దుకి కారణం ఆ మనిషి గే కావడం కాదు, దాచడం. 2008లో సుప్రీంకోర్టు ఒక డాక్టర్ల జంట కేసులో ఇదే తేల్చింది, కింది కోర్టు రద్దు చేసిన పెళ్లిని నిలబెట్టింది, దాచినట్టు రుజువు కాలేదు కాబట్టి. అంటే ఏమైందో చూడండి. అబద్ధం చెప్పిన మొగుడి నుంచి పెళ్లాం బయటపడొచ్చు. పెళ్లికి ముందే కూర్చోబెట్టి నిజం చెప్పినవాడి పెళ్లానికి ఆ దారి లేదు. మా లోలా లాంటి వాళ్లకి నిజాయితీ ఒక సంకెల అయింది. ఇది నేను ఎంతమందికి చెప్పినా ఒక నిమిషం మాట్లాడకుండా ఉండిపోతారు.

ఇంకో దారి ఉంది, 'మానసిక అసమర్థత' అని చూపించి పెళ్లి మొదటి నుంచీ చెల్లదనిపించుకోవడం. దానికి లాయరు, చాలాసార్లు సైకాలజిస్టు, ఏళ్ల తరబడి వాయిదాలు. మామూలు టీచరు జీతంతో అయ్యే పని కాదు. విడాకుల బిల్లు 2024 మే నెలలో దిగువ సభలో మూడోదీ ఆఖరిదీ అయిన విడత ఓటింగ్ దాటింది, సెనేట్‌లో ఆగిపోయింది.

ఇంత చెప్పాక ఒక మాట ఒప్పుకోవాలి. చట్టం ఒక్కటే ఆవిణ్ని ఆపిందని నేననుకోను. తలుపు తెరిచి ఉన్నా కొందరు వెళ్లరు. గ్లోరియా రొమేరో ఆ భార్య పాత్ర చేసినప్పుడు ఆవిడకి 85 దగ్గర. ఉత్తమ నటి బహుమతి ఇచ్చారు, ఇవ్వాల్సిందే. త్యాగమూర్తిలా కళ్లు పైకెత్తి చూడదావిడ. తను ఒప్పుకున్న బతుకుని తను నడిపిన మనిషిలా, కాస్త అధికారంగా ఉంటుంది. మా లోలా కూడా అలాగే ఉండేది. రిబ్బన్ గుచ్చేటప్పుడు ఆవిడ మొహంలో నాకు కనపడింది జాలి కాదు. ఇది నా ఇల్లు, ఇక్కడ ఎవరెక్కడ కూర్చోవాలో నేను చెప్తాను అన్నట్టుంది.

పిల్లల కోపం గురించి. చాలామంది దీన్ని మతం అనుకుంటారు, జనంలో దాదాపు 80 శాతం క్యాథలిక్కులు కాబట్టి. కొంత నిజమే. కానీ ఇక్కడ ఎక్కువగా పనిచేసేది 'హియా'. సిగ్గు అంటే చాలదు, మన పరువు, తలవంపులు, నలుగురిలో మొహం చెల్లకపోవడం, అన్నీ కలిస్తే అది. రాజకీయ కుటుంబానికి పేరే పెట్టుబడి. పైగా 'బక్లా' అనే మాటకి ఇక్కడ జనం మనసులో ఒక బొమ్మ ఉంది, బ్యూటీ పార్లర్‌లో పనిచేస్తూ నవ్విస్తూ, ఊరి అందాల పోటీలు నడిపిస్తూ ఉండే మనిషి. ఆ మనిషిని ఊరు తనదనే అనుకుంటుంది, ఎగతాళి చేస్తూనే. సూటు వేసుకున్న తండ్రి, సెనేట్‌లో మాట్లాడిన తండ్రి ఆ బొమ్మలో ఇమడడు. అందుకే పిల్లలకి దిక్కు తోచదు. గే అయితే అయ్యాడు, 'బక్లా' అని నలుగురూ నవ్వే మాట మా నాన్నకి తగిలించాలా అన్నది వాళ్ల బాధ. ఈ దేశంలో ఆధునిక చట్టమేదీ దీన్ని నేరం అనలేదు. మనకి ఇంగ్లిషువాళ్లు దీన్ని నేరం చేసే సెక్షన్ 377 పెట్టిపోయారు, స్పెయిన్ వాళ్లు ఇక్కడ వదిలిపోయిన శిక్షాస్మృతిలో అలాంటిదేదీ లేదు. మన సుప్రీంకోర్టు, ఇష్టపడ్డ పెద్దవాళ్లకి ఆ 377 వర్తించదని తేల్చింది ఈ సినిమా వచ్చిన ఏడాదే, సెప్టెంబర్ 6న. మా వాడితో ఆ రోజు నేను చాలాసేపు మాట్లాడాను, వాడికి నా సంతోషం అర్థమైంది కానీ భయం అర్థం కాలేదు, ఎందుకంటే వాడు ఎప్పుడూ పోలీసుకి భయపడి పెరగలేదు. వాడు భయపడింది వాళ్ల పెద్దత్తకి. వంటింట్లోకి వెళ్లిపోయిందే, ఆవిడకి.

ఆస్తి గొడవ కూడా ఉంటుంది, పైకి ఎవరూ అనరు గానీ. ఇక్కడ వారసత్వ చట్టం మన వీలునామాలాగా ఇష్టమొచ్చినట్టు రాసెయ్యనివ్వదు. దంపతులు కలిసి సంపాదించినదాంట్లో ముందు సగం భార్యదే. తండ్రి వాటాలో సగం పిల్లలకి చచ్చినట్టు ఇవ్వాలి. ముగ్గురు పిల్లలుంటే తలా ఆరోవంతు, భార్యకి ఇంకో ఆరోవంతు, చివరికి మూడోవంతు మాత్రమే ఆయన ఇష్టం. తండ్రి ఆఖరి రోజుల్లో వేరే ఇంటికి వెళ్లి కూర్చుంటే ఆ మూడోవంతు ఎటు పోతుందన్న లెక్క ఎవరో ఒకరి బుర్రలో తిరుగుతుంది. నేను అకౌంట్స్ మనిషిని, నాకు ఇలాంటివి ముందు కనపడతాయి. అంతమాత్రాన వాళ్లు చెడ్డవాళ్లని కాదు. మా పెద్దత్త రెండేళ్ల తర్వాత నీనోంగ్‌కి మోకాలు ఆపరేషన్ అయితే పది రోజులు ఆయన ఇంట్లోనే ఉండి చాకిరీ చేసింది. ఆ రిబ్బన్ సంగతి అప్పుడు కూడా ఎత్తలేదు.

అంత వయసులో ఆయనే స్వయంగా వెళ్లి కూర్చోవాలా, నర్సుని పెట్టలేడా అని మీరు రాశారు. డబ్బున్నవాడు పెట్టగలడు. కానీ ఆస్పత్రిలో సంతకం ఎవరు పెడతారు? 2019లో మావాడికి డెంగీ వచ్చింది, ప్లేట్‌లెట్లు బాగా పడిపోయాయి. అర్ధరాత్రి ఒక ప్రైవేటు ఆస్పత్రికి తీసుకెళ్లాను. ఫారంలో 'రోగికి మీరేమవుతారు' అని ఒక గడి. పెన్ను పట్టుకుని ఎంతసేపు నిలబడ్డానో నాకు తెలీదు. ఫ్రెండ్ అని రాశాను. అయితే మీ సంతకం చెల్లదు, కుటుంబ సభ్యుల్ని పిలవండి అన్నారు. వాళ్ల చెల్లెలు కవీటేలో ఉంటుంది, ఆ వానలో, ఆ ట్రాఫిక్‌లో వచ్చేసరికి తెల్లారింది. పన్నెండేళ్లు ఒకే కంచంలో తిన్నవాణ్ని నేను, బయట బెంచీ మీద కూర్చున్నాను. అదే ఏడాది సెప్టెంబర్‌లో సుప్రీంకోర్టు ముందుకొచ్చిన స్వలింగ వివాహాల పిటిషన్‌ని కొట్టేశారు. వివక్షకి వ్యతిరేకంగా ఒక బిల్లు 2000 నుంచీ పార్లమెంటు చుట్టూ తిరుగుతోంది, ఇంతవరకు చట్టం కాలేదు. చివరికి మాకు ఆసరా అయింది మా ఊరి కార్పొరేషన్. 2023లో క్వెజాన్ సిటీ 'రైట్ టు కేర్' అని ఒక కార్డు ఇవ్వడం మొదలుపెట్టింది. ముందు నోటరీతో ఒకరికొకరం అధికారపత్రం రాసుకుంటాం, దాన్ని ఆ కార్డుకి కలుపుతారు, ఒకరికి స్పృహ లేకపోతే వైద్యం గురించి రెండోవాళ్లు చెప్పొచ్చు. మాకు కార్డు వచ్చిన రోజు మావాడు దాన్ని పర్సులో వాళ్ల లోలా ఫొటో వెనకాల పెట్టుకున్నాడు. ఆ సెనేటర్‌కి అలాంటి కాగితం లేదు. మనిషి వెళ్లి పక్కన కూర్చోవడమొక్కటే దారి.

తరాల గురించి కూడా ఒకటి చెప్పాలి, ఇది ఇక్కడి సినిమా పిచ్చోళ్లందరికీ తెలిసిన సంగతే. సెనేటర్‌గా చేసిన ఎడ్డీ గార్సియా అంతకు సుమారు యాభై ఏళ్ల ముందు, 1970ల మొదట్లో, లినో బ్రోకా తీసిన తుబోగ్ స గింతోలో కూడా పెళ్లై, డబ్బుండి, తన సంగతి దాచుకున్న మగాడిగా చేశారు. అందులో డ్రైవర్ ఆయన్ని బెదిరించి పీల్చుకు తింటాడు. బయటపడడమంటే సర్వనాశనం. 2012లో బ్వాకావ్ అని జున్ లానా సినిమా, అందులో కూడా ఆయనే, అరవై దాటాక గానీ తను గే అని ఒప్పుకోని ముసలాయనగా, తోడు ఒక ఊరకుక్క, ఇంట్లో ముందే కొనిపెట్టుకున్న శవపేటిక. అక్కడ బయటపడడానికి అడ్డేమీ లేదు, కాకపోతే ఆలస్యమైపోయింది, ప్రేమించడానికి ఎవరూ మిగల్లేదు. 2018లో ఈ సినిమా. అదే నటుడు, అదే మొహం, ఈసారి పక్కన ఇంకో మనిషి ఉన్నాడు. మూడూ వరసగా చూడండి, వీలైతే. ఒక దేశం ఈ సంగతిని ఎలా మోసుకొచ్చిందో ఒక్క మనిషి మొహం మీద కనపడుతుంది. ఆయన 2019 జూన్‌లో ఒక షూటింగ్‌లో పడిపోయి, కొన్ని రోజులకే పోయారు, అప్పటికి తొంభై. షూటింగుల్లో పనిచేసేవాళ్ల రక్షణకి 2024లో చేసిన చట్టాన్ని ఆయన పేరుతోనే పిలుస్తారు. ప్రేమికుడిగా చేసిన టోనీ మబేసా నాటకరంగం మనిషి, విద్యార్థులకి నటన నేర్పుతూ బతికినాయన, ఆయన కూడా అదే ఏడాది అక్టోబర్‌లో పోయారు. గ్లోరియా రొమేరో 2025 జనవరిలో. ముగ్గురూ లేరిప్పుడు.

సినిమా కోసం మసాలా కలిపారా అంటే, ఉంది. పిల్లలు పోట్లాడుకునే ఘట్టాల్లో గొంతులు మరీ పైకెళ్తాయి, టీవీ సీరియల్ వాసన కొడుతుంది, మీకు విసుగొచ్చిందంటే తప్పులేదు, నాకూ వచ్చింది. నా అసలు అసంతృప్తి వేరే. డబ్బు. ఆ ఇంట్లో బాధపడడానికి కూడా విశాలమైన గదులున్నాయి. మా నీనోంగ్ ఒక గది, ఒక కుట్టుమిషన్, తోలు వాసన, పైన రేకు, దాంతో బతికారు. ఆయన కథ ఎవరైనా తీస్తే చూడాలని ఉంది. కానీ ఇద్దరు ముసలాళ్లు ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని కూర్చునే దగ్గర ఈ సినిమాలో ఒక్క పిసరు అబద్ధం కూడా నాకు కనపడలేదు. థియేటర్లో మా వెనక వరసలో ఒక ముసలమ్మ, పక్కన మనవడు. ఆ మనవడు ఏదో అని నవ్వబోతే ఆవిడ తొడ మీద చిన్న దెబ్బ వేసింది. ఆ తర్వాత ఆ పిల్లాడు నోరెత్తలేదు.

అమ్మతో చూడొచ్చా అన్నారు. మా అమ్మ 2023లో నా దగ్గరికి వచ్చి నలభై రోజులుంది. ఒకే ఇంట్లో ముగ్గురం, రెండు గదులు, 'రు' వెనకాల దాక్కునే చోటెక్కడుంది. మొదటి రెండు వారాలూ నాకు టెన్షనే. మావాడు పొద్దున్నే వచ్చి అమ్మ చెయ్యి తీసుకుని తన నుదుటికి ఆనించుకునేవాడు, ఇక్కడ పెద్దవాళ్లకి అలా దణ్ణం పెడతారు. అమ్మ మొదట చెయ్యి లాక్కునేది, తర్వాత తనే ఇవ్వడం మొదలుపెట్టింది. ఒక ఆదివారం మధ్యాహ్నం ధైర్యం చేసి ఈ సినిమా పెట్టాను. అమ్మకి ఇంగ్లిష్ రాదు, పక్కన కూర్చుని నేను తెలుగులో చెప్తూ పోయాను, ఆయన ఇలా అంటున్నాడు, ఆవిడ అలా అంటోంది అని. చెప్తున్నకొద్దీ నా గొంతు ఆరిపోతోంది. వాళ్లిద్దరూ ఏమవుతారో చెప్పాల్సిన చోట నేను ఆగిపోయాను. అమ్మ నా వైపు చూడలేదు, తెర వైపే చూస్తూ, 'తెలుస్తోంది లేరా, చెప్పు' అంది.

అయిపోయాక చాలాసేపు కూర్చుంది. తర్వాత అడిగింది, 'ఆ రెండో ఆయనకి ఇన్నాళ్లూ ఎవరు వండిపెట్టారు?'

నాకు తెలీదమ్మా, సినిమాలో చెప్పలేదు అన్నాను. లేచి వంటింట్లోకి వెళ్లి వంకాయలు తరగడం మొదలుపెట్టింది. మావాడు స్కూలు పని మీద బయటికెళ్లాడు, ఇంకా రాలేదు, ఆకలి మీద వస్తాడని.

కాబట్టి చూడండి. మీ అమ్మగారు ఎలా తీసుకుంటారో నేను చెప్పలేను, మీ ఇల్లు మీకు తెలుసు. ఒక్కటి మాత్రం, చూపించాక ఏమనుకుంటున్నావని అడక్కండి, కొన్ని రోజులు వదిలెయ్యండి. మా అమ్మ ఊరెళ్లిపోయాక ఫోన్లో ఆ సినిమా మాట మళ్లీ ఎత్తలేదు, నా సంగతీ ఎత్తలేదు. అడగడం మాత్రం మారింది. ఇదివరకు 'మీ ఫ్రెండు బాగున్నారా' అనేది. ఇప్పుడు ప్రతి ఆదివారం ఫోన్ పెట్టేసేముందు 'మీ ఇంట్లోవాళ్లు అన్నం తిన్నారా' అంటుంది. మా వైపు మొగుణ్నో పెళ్లాన్నో పేరు పెట్టకుండా అడగాలంటే అలాగే అడుగుతారు.